తెలుపు వద్దన్న మనిషి

"ఈ ఆడపిల్లోళ్ల డ్రెస్సు కుట్టించిండేది ఎవరప్పా?"

వేదిక పక్కన ఒక ముసలాయన నిలబడి అడుగుతున్నాడు. బల్ల మీది కట్టలోంచి ఆడపిల్లల తెల్ల ప్యాంటు ఒకటి లాగి, వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

మోహన్‌కృష్ణకు కంపరం పుట్టింది.

బళ్లారి పక్కన మోక దాటాక, కాలువ కింద వలస రైతులు కట్టుకున్న క్యాంపు ఊరు అది. ఆ ఊరి హైస్కూల్లో ఆ రోజు పాత విద్యార్థుల సంబరం. రైసుమిల్లు మోహన్‌కృష్ణ పిల్లలందరికీ శనివారాలు వేసుకునే డ్రెస్సులు పంచుతున్నాడు. తమ కాలంలో లాగే తెల్లవి.

పొద్దుట్నుంచి ఆ కాలం కబుర్లే. వీధులూడ్చిన బెల్‌బాటాలు, కుక్కచెవుల కాలర్లు, చెవులు మూసేసిన జుట్టు. మడిచి కట్టిన రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. ప్రేయర్లో అందరూ తెల్లగా కొంగల బారులా నిలబడేవారని మోహన్‌కృష్ణ చెప్పిందే చెప్పి మురిసిపోయాడు. అంత సంబరంలో ఈ ముసలాడొకడు దాపురించాడు.

"నేనే కుట్టించాను. మీరెవరండీ?"

"నాదేముండాదిలేప్పా. తెల్ల డ్రెస్సులు పంచుతారని విని, తోరణగల్లు నుంచి ఒక మాట చెప్పిపోదామని వస్తి. మగపిల్లోళ్లకు తెలుపే ఇయ్యి. ఆడపిల్లోళ్లకు మాత్రం వద్దప్పా. వేరే రంగు ఏందైనా ఇయ్యి."

"ఎందుకు?"

ముసలాయన చుట్టూ చూశాడు. అందరూ మగవాళ్లే. పక్కన మంచినీళ్లు అందిస్తున్న పిల్ల వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పమ్మా. ఇది ఏసుకోనుండేది మీరే కదా."

ఆ పిల్ల ప్యాంటును చూసి, తల దించుకుని, గబగబా వెళ్లిపోయింది.

హనుమేష్ మోహన్‌కృష్ణ చెవి దగ్గరకు వచ్చాడు. ఇద్దరూ ఒకే బెంచీ వాళ్లు.

"గుర్తుపట్టలేదా? డ్రిల్లు మేష్ట్రు దురుగప్ప. ఆడపిల్లోళ్ల లంగాల మాటెత్తి తన్నులు తిన్న్యాడే, ఆయప్పే!"

మోహన్‌కృష్ణకు అంతా గుర్తొచ్చింది. గేటు దగ్గర కత్తెర పట్టుకుని నిలబడి బెల్‌బాటాలు కత్తిరించేవాడు. తర్వాత ఒకరోజు ఊరి పెద్దలు అతన్ని బస్‌స్టాపులో చెంపలు వాయించి, వేరే ఊరికి బదిలీ చేయించారు. ఏం మాటన్నాడో పిల్లలకు ఎవరూ చెప్పలేదు. ఏదో బూతు మాటే అయి ఉంటుందని అందరూ అనుకున్నారు.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఈ వయసులో, పళ్లూడి, తల వణుకుతూ, మనవరాలంత పిల్లను పట్టుకుని ప్యాంటు గురించి అడుగుతాడా!

మోహన్‌కృష్ణ ప్యాంటు లాక్కుని కింద పారేశాడు. ముసలాయన చేయి తగిలిన చోట జేబురుమాలుతో తుడుచుకున్నాడు.

"ఛీ! అప్పుడు తిన్నవి చాల్లేదా? ముసలాడివని వదిలేస్తున్నా. నడువు బయటికి!"

"పోతాలేప్పా. నన్నేమన్నా అనుకో. తెలుపు మాత్రం..."

మాట పూర్తికాకముందే హనుమేష్ ఆయన భుజం పట్టి గేటు దాకా నెట్టుకుపోయాడు. ముసలాయన ఒకసారి బడి వైపు చూశాడు. బళ్లారి బస్సు ఆగితే చువ్వ పట్టుకుని మెల్లగా ఎక్కాడు.

బస్సు వెళ్లిన కాసేపటికి మహాదేవి పరుగులాంటి నడకతో వచ్చింది. వాళ్ల తరగతిదే. బళ్లారి ఆసుపత్రిలో హెడ్ నర్సు.

"దురుగప్ప మేష్ట్రు వచ్చిండాడంట! యాడ?"

"గెంటేశాం. ఎంత రోత మనిషో! ఆడపిల్లలకు తెల్లబట్టలు వద్దట. వాడికెందుకు ఆ గొడవ?"

మహాదేవి కట్టలు కట్టిన తెల్ల డ్రెస్సులను చూసింది. ఆమె మొహం మాడిపోయింది.

"ఇవి ఆడపిల్లోళ్లకా? మోహనా, మా కరియమ్మక్క గుర్తుండాదా? ఉన్నట్టుండి బడి మానేసిందే."

"పెళ్లి కుదిరిందన్నారుగా?"

"పెండ్లి కాదు, ఏమీ కాదు. ప్రేయర్లో నిలబడిన్యప్పుడు నెలసరొచ్చె. తెల్ల లంగా మీద మరక చూసి మీ మగపిల్లోళ్లంతా పడీపడీ నవ్వితిరి. అక్క మళ్లా ఈ గేటు తొక్కలే. అట్లనే ఒగరి ఎనక ఒగరు ఎంతమంది మానుకొనిరో!"

మోహన్‌కృష్ణ తను కింద పారేసిన ప్యాంటు వైపు చూశాడు. తను కూడా నవ్వాడా? నవ్వే ఉంటాడు. ఎంత ఆలోచించినా కొంగల బారు తప్ప మరేదీ గుర్తుకు రావడం లేదు.

"మా అమ్మోళ్లు సిగ్గుతో నోరిప్పలే. హెడ్‌మేష్ట్రుకు చెప్పేకి భయం. ఎవరో పరాయి మగాడు, ఆయప్పకేం అవసరమప్పా?"

మహాదేవి మోహన్‌కృష్ణను రోతగా చూసింది. ఇందాక అతను ఆ ముసలాయనను చూసినట్టే.

"ఊరి పెద్దోళ్ల ముందర నిలబడి ఆడపిల్లోళ్లకు నీలం లంగాలు ఇయ్యండని అడిగి, దానికి ఈ ఊరంతా చేరి కొడితే పడి, తాను పోయినంకనైనా మాకు ఆ నీలం వచ్చేట్ల చేసి, మమ్మల్ని బడిలో నిలబెట్టిపోయింది ఆయప్పొక్కడే."