వంటగట్టు ఎత్తు

“వంటగట్టు కిందికి దించు,” అన్నాడు సుక్రు మంచం మీద నుంచి.

గంగాభవాని వినిపించుకోనట్టు లాప్‌టాప్‌లోకే చూసింది. హుకుంపేటలో సన్యాసిరావు జిరాక్స్ షాపులో కూర్చుని, చుట్టుపక్కల ఊళ్లవాళ్ల ఇళ్లకి కంప్యూటర్లో ప్లాన్లు గీసిపెట్టడం ఆమె పని. ఎవరి ఇల్లయినా ఒక్క పూటలో తేల్చేసే మనిషి, తాము కట్టుకోబోయే సొంత ఇంటి దగ్గరకొచ్చేసరికి తల పట్టుకుంది. ఆదివారం కదా అని షాపు లాప్‌టాప్ ఇంటికి తెచ్చుకుంటే, పొద్దున్నుంచీ మొగుడితో ఇదే పేచీ.

స్థలం చూస్తే కొండవాలు. మెట్లు పెడితే సుక్రుకి పనికిరావు. పోయిన మిరియాల కోతలో మిరియాల తీగ పాకిన సిల్వర్ ఓక్ చెట్టెక్కి జారిపడ్డాక అతనికి నడుము కింద స్పర్శ లేదు. అందుకని మెట్లు తీసేసి ర్యాంపు పెట్టింది. అది మరీ నిటారుగా వచ్చింది. గోడ వెంట మలుపు తిప్పి పొడుగు పెంచితే హాలు సగం ఎగిరిపోయింది. పోతే పోయిందనుకుంది. బాత్రూం తలుపు వెడల్పు చేసింది, గడపలు తీసేసింది. చక్రాల కుర్చీ బొమ్మని తెర మీద మంచం నుంచి బాత్రూంకీ, అక్కణ్నుంచి అరుగు మీదికీ నడిపించి చూసుకుంది. ఎక్కడా తగల్లేదు. ఆ మాత్రానికే ఆమె కళ్లు చెమర్చాయి.

బొమ్మ కుర్చీ అయితే తిరిగింది కానీ, అసలు కుర్చీ ఆసుపత్రి నుంచి తెచ్చిననాడు ఏ మూల పెట్టారో ఇప్పటికీ ఆ మూలే ఉంది. సీటు మీద చోళ్ల (రాగుల) బస్తా, వీపు మీద తడిబట్టలు. సుక్రు అందులో ఒక్కసారైనా కూర్చోలేదు. బతిమాలితే గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఆ కుర్చీ ఎక్కితే ఇక నడవలేనని ఒప్పుకున్నట్టేనని అతని పట్టుదల.

అంతకంటే ఆమెని తినేస్తున్నది మొన్న అతనన్న మాట. “నీకింకా వయసుంది. నచ్చినోడితో ఎల్లిపో. మనూర్లో ఎవులూ ఏటీ అనరు,” అన్నాడు. నిజమే, ఎవరూ ఏమీ అనరు. ఆ ఊళ్లో అలా వెళ్లి కొత్త కాపురం పెట్టినవాళ్లు ఉన్నారు, సుఖంగానే ఉన్నారు. గంగాభవాని మర్నాడు షాపులో ర్యాంపు గీస్తూ కూర్చుంది. అప్పట్నుంచీ అతను ఏం మాట్లాడినా అందులో ఆ మాటనే వెతుక్కుంటోంది.

అసలే ప్లాన్లు గీసేవాళ్లకి ఓ జబ్బుంటుంది. ఎదుటి మనిషి విడిగా పొయ్యి అడిగితే అత్తాకోడళ్లకి పడటం లేదనీ, పెరటివైపు తలుపు అడిగితే అన్నదమ్ములు విడిపోతారనీ వాళ్లకి వాళ్లే కథ అల్లేసుకుంటారు. గంగాభవానికి ఆ జబ్బు బాగానే ఉంది.

సుక్రు మంచం పక్కనున్న వెదురు పుల్ల తీసి చూపించాడు. దాని మీద కత్తితో పెట్టిన గాటు ఉంది. గట్టు ఆ గాటు దాకా ఉంటే చాలట. ఆమె లేచి పుల్లని తన పక్కన నిలబెట్టి చూసుకుంది. నడుముకి బాగా కిందికి ఉంది.

“ఇంత కిందన వంగి వండితే నా నడుం విరిగిపోద్ది, మావా.”

“నీకోసం కాదులే,” అన్నాడతను తెరవైపే చూస్తూ.

గంగాభవాని పుల్లని మళ్లీ నడుముకి ఆనించి చూసుకుంది. తనకోసం కాకపోతే ఇంకెవరికోసం?

సరిగ్గా అప్పుడే అత్త సోములమ్మ ఆకుకూర పట్టుకుని లోపలికొచ్చింది. పెద్దకొడుకు ఇంట్లో ఉంటూ, రోజూ ఓసారి వచ్చి సుక్రుని చూసిపోతుంది. నడుం వంగిపోయిన పొట్టి మనిషి. కోడలి చేతిలో పుల్ల చూసి, పొద్దున్న అది కోసి గాటు పెట్టింది తనేననీ, గట్టు అంతకంటే ఎత్తు పెట్టొద్దనీ చెప్పి పెరట్లోకి పోయింది. ఆ గాటు సోములమ్మకి కొలిచినట్టు సరిపోతుంది.

అంటే తల్లీకొడుకులు ముందే అనుకున్నారన్నమాట. గంగాభవాని పుల్లని గోడకి చేరేసి మళ్లీ లాప్‌టాప్ ముందు కూర్చుంది.

సుక్రు ఇంకా చెబుతూనే ఉన్నాడు. గట్టు కింద అరలు వద్దట, ఖాళీగా వదిలేయాలట. అత్త చేటలూ బుట్టలూ పెట్టుకోవడానికి కాబోలు. వంటింటి గుమ్మం వెడల్పుగా, మంచానికి ఎదురుగా రావాలట. పిలిస్తే తల్లికి వినపడాలని కాబోలు. ఒక్కొక్కటీ ఆమె గీస్తూనే ఉంది. గీసేకొద్దీ ఆ ఇంట్లో తనకి చోటు తగ్గిపోతున్నట్టు అనిపించింది. ఆ వంటింట్లో తనలాంటి పొడుగాటి మనిషి ఒక్క రోజు కూడా వండలేదు.

చివరికి ఉండబట్టలేక మౌస్ పక్కకి తోసేసింది.

“అత్తని తెచ్చుకుని నన్ను పంపించేత్తావు, అంతేగదా? ఆ మాటేదో సూటిగా సెప్పు. నన్ను గెంటీసే ఇల్లు నా సేతే గీయించకు.”

లాప్‌టాప్ మూయబోతుంటే సుక్రు చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. చెట్టు మీంచి పడ్డాక అతను తనంతట తాను ఆమెని ముట్టుకోవడం అదే మొదలు. తర్వాత తల తిప్పి గది మూలకి చూశాడు.

“అమ్మ మా అన్న ఇల్లొదిలి రాదు. నువ్వు పొద్దుపోయేదాకా షాపులోనే ఉంటావు. మరి కూడెవులు వండుతారు?” అన్నాడు మెల్లగా. “ఆ సోళ్ల బస్తా దింపి కుర్సీ ఇటు తే. అమ్మ దాన్ని కొలిసే గాటెట్టింది. అందులో కూకుంటే ఆ గాటు ఎత్తున గట్టు నా సేతికి అందుతాదో లేదో సూడాల.”