సగం ధర

వెళ్తే అందరూ వెళ్లాలి. లేదా ఎవరూ వెళ్లకూడదు. ముందు తేలింది ఆ ఒక్క మాటే. ఏ నాటకానికి వెళ్లాలి, ఎక్కడ తినాలి అన్నది ఇంకా తేలలేదు.

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ గేటు ముందు టెంటు వేసి అది నలభయ్యో రోజు. యజమాని ఆరు నెలల జీతాలు ఎగ్గొట్టాడు. ఇదిగో ఇస్తా, అదిగో ఇస్తా అని రాత్రింబవళ్లు కుట్టించుకున్నాడు. ఒకరోజు పొద్దున్నే వచ్చి చూస్తే గేటుకి నోటీసు: ఫ్యాక్టరీ మూసేశాం. కింద యజమాని సంతకం, వంగిన సూదిలా. పదకొండేళ్లుగా జీతం కవర్ల మీద చూసిన సంతకమే.

లోపల ఎనభై కుట్టుమెషీన్లు ఉన్నాయి. వీళ్ల చెమటకి మిగిలిన హామీ అవొక్కటే. అవి బయటికి పోకుండా ఇరవై ఆరు మంది ఆడవాళ్లు, ఒక ముసలి వాచ్‌మన్ గేటుకి అడ్డంగా కూర్చున్నారు. సోమవారం కోర్టు మనిషి వచ్చి మెషీన్లకి సీలు వేస్తాడు. తర్వాత వాటిని అమ్మి జీతాలు ఇస్తారు. ఇవాళ శుక్రవారం.

"గెలిచినట్టేగా! ఒక్క పూట మనుషుల్లా తిరిగొద్దాం," అంది గుండీలు కుట్టే వదిన.

"చచ్చేలోగా నేనూ ఒక నాటకం చూడాలే," అంది కాలర్ల పెద్దమ్మ.

అందరూ అక్క వైపు చూశారు. టెంటు వేయించింది అక్క. మొదటి లాఠీ దెబ్బ తిన్నదీ అక్కే. ఆమె కూర్చోమంటే కూర్చున్నారు, లేవమంటే లేచారు.

"గేటు వదిలేది లేదు," అంది అక్క.

"పోనీ సగం మంది వెళ్తాం. సగం మంది ఉంటారు," అంది ఒకామె.

"ఆఁ, చీలిపోండి! వాడికి కావలసింది అదే." అక్క కాసేపు ఆలోచించింది. "వెళ్తే అందరం వెళ్దాం. లేదా ఎవరూ వద్దు."

"మరి గేటో?" అంది వదిన.

"వాడు ఊళ్లోనే లేడు. నిన్ననే కనుక్కున్నా. ఉన్నా ఒక్క పూటలో ఎనభై మెషీన్లు విప్పుతాడటే? తన చొక్కా గుండీ తను పెట్టుకోవడం రాదు ఆ మహానుభావుడికి!"

నలభై రోజుల తర్వాత టెంటులో నవ్వులు వినిపించాయి.

తలా వంద వేశారు. వదిన నాటకాల హాలువాళ్లు పంచిన కాగితం పరిచింది. "హాస్య నాటకం గంటన్నరే. టికెట్టు నలభై. మిగిలిన అరవైతో బండి దగ్గర నిలబడి కడుపునిండా తినొచ్చు."

"రాజుల నాటకం ఉందిగా. మూడు గంటలు," అంది అక్క.

"దానికి టికెట్టే వంద అక్కా! ఆనక గాలి భోంచేద్దామా?"

"చవకదే చూడాలి, నిలబడే తినాలి అని మన మొహాన రాసుందా? కుర్చీలో కూర్చుని తినే చోటికే పోదాం. బేరం సంగతి నాకొదిలెయ్యండి."

సాయంత్రం అక్క తిరిగొచ్చింది. మొహం వెలిగిపోతోంది. "హాలాయన మన గోడు విని కళ్లనీళ్లు పెట్టుకున్నాడే. సగానికిస్తానన్నాడు. పక్క హోటలాయనా అంతే. టికెట్టు యాభై, భోజనం యాభై. సరిగ్గా వంద!"

"లోకంలో ఇంకా మనుషులున్నారు," అంది పెద్దమ్మ, ముక్కు తుడుచుకుంటూ.

శనివారం మధ్యాహ్నం వాచ్‌మన్ మొండికేశాడు. "నేనుంటాలేమ్మా. నాకా కళ్లు సరిగ్గా ఆనవు."

"చెవులున్నాయిగా బాబాయ్! నువ్వు లేకపోతే మాకు ముద్ద దిగుతుందా?" అని అక్క చెయ్యి పట్టి బస్సెక్కించింది.

నాటకంలో మంత్రి కత్తి దాచుకుని రాజు వెనక్కి చేరాడు. పెద్దమ్మ ఉండబట్టలేక లేచి నిలబడింది. "ఒరేయ్ రాజా, వెనక్కి చూడరా! వాడు నీవాడు కాదురా!" హాలు హాలంతా గొల్లుమంది. అక్క ఒక్కతే నవ్వలేదు. "కూర్చో పెద్దమ్మా," అని కొంగు పట్టి లాగింది.

హోటల్లో తెల్లటి గుడ్డ పరిచిన బల్లలు. ఎవరికి వాళ్లకి కుర్చీ. పెద్దమ్మ వడ్డించే అతని కాలరు పట్టేసుకుంది. "ఇది నేను కుట్టిందేరా! ఈ మడత ఇంకెవడికీ రాదు." అతను బిక్కచచ్చిపోయాడు. వదిన నవ్వి నవ్వి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి కళ్లు తుడుచుకుంది.

కిటికీ పక్కనే మెయిన్ రోడ్డు. లారీ పోయినప్పుడల్లా గ్లాసులు గలగలమన్నాయి. పొద్దుపోతోందని రెండుసార్లు లేవబోయారు. రెండుసార్లూ అక్క కూర్చోబెట్టింది. "ఇంకో టీ తాగండే. రోజూ వస్తామా ఏంటి?" పట్టా కప్పిన మరో లారీ పోయింది. కిటికీలోంచి చూస్తున్న అక్క గ్లాసు ఖాళీ చేసి లేచింది. "ఇక పదండి."

బస్ స్టాపు దాకా వెళ్లాక వదినకి కళ్లజోడు గుర్తొచ్చింది. అది లేకపోతే సోమవారం కోర్టు కాగితం మీద సంతకం ఎక్కడ పెట్టాలో కూడా కనబడదు. పరుగున వెనక్కి వచ్చింది.

"ఇదిగోనమ్మా," అని గల్లాపెట్టె దగ్గరి మనిషి కళ్లజోడు ఇచ్చాడు. "ఈ బిల్లు కూడా మీదే. మీ లీడరమ్మ మర్చిపోయి వెళ్లింది."

"మా అక్క మాట విని సగానికే పెట్టారు. మీ మేలు మర్చిపోం బాబూ."

"సగమేంటమ్మా? మాకు పూర్తిగా ముట్టిందే!"

బిల్లుకి నిన్నటి అడ్వాన్సు చీటీ గుచ్చి ఉంది. వదిన కళ్లజోడు పెట్టుకుంది.

ఇరవై ఏడు భోజనాల ధరలో మిగతా సగం ముందే కట్టినట్టు రాసిన ఆ చీటీ కింద, వంగిన సూదిలాంటి సంతకం ఉంది.