గోడలు గీకొద్దన్నారు

"నాలుగేళ్లుగా ఆ మందు మీద విచారణ అంటున్నారు. ఏం ఊడబొడిచారు మేడమ్?" ఐడహో నుంచి ఫోనులో బంగాళాదుంపల రైతు లమార్ జెప్సన్ అరుస్తున్నాడు.

కలుపు చంపడానికి చల్లే మందు అది. నిల్వ ఉన్న బంగాళాదుంపలు మొలకెత్తకుండా గోదాముల్లో పొగ పెట్టేదీ అదే. దాని మంచిచెడ్డలు తేల్చాల్సిన ప్రభుత్వ ఫైలు నా బల్ల మీదే ఉంది.

"ఏమైందండీ?"

"కొనేవాళ్లు వద్దన్నారని రెండేళ్లుగా గోదాములో మందు మానేశా. ఈసారి విత్తనపు దుంపలు అందులోనే పెట్టా. నాటి ఆరు వారాలైంది. తవ్వి చూస్తే రాళ్లలా పడున్నాయి, ఒక్కదానికీ మొలక లేదు. ఎనభై ఎకరాలు మేడమ్! మందు గోడల్లో ఉండిపోతుందని ఒక్కరైనా చెప్పి చావలేదేం?"

ఆ అనుమానం నాకు మొదటి ఏడాదే వచ్చింది. గోదాము గోడలు గీకి పరీక్షిద్దామని ఫైల్లో ఒక పేజీ రాశాను. ఆ మాట బయటపెట్టగానే వద్దంటూ రైతుల నుంచి మూడు వందల ఉత్తరాలు వచ్చిపడ్డాయి. పైవాళ్లు ఆ పేజీ కొట్టేశారు.

"చెప్పండి, ఎందుకు చెప్పలేదు?"

ఫైల్లోంచి ఒక ఉత్తరం తీసి చదివాను. "వారం రోజులు తలుపులు తెరిచి పెడితే మందు వాసన కూడా మిగలదు. మా గోడలు గీకడం మాని వేరే పని చూసుకోండి."

"ఎవడా వెధవ?"

కింద సంతకం లమార్ జెప్సన్‌దే. నాలుగేళ్లుగా ఆ పేరు తలుచుకుని తిట్టుకోని రోజు లేదు. తీరా చెప్పాల్సి వచ్చేసరికి, పేరు చదవకుండానే ఉత్తరం మడిచి ఫైల్లో పెట్టేశాను.