పేరు లేని భాష

ప్రోగ్రాములు రాసేవాళ్లు వాడే ఒక సాఫ్ట్‌వేర్‌కి స్వర్ణలత తెలుగు మాటలు అమర్చేది. అందులోని భాషల జాబితాలో ఏది ఎంచుకుంటే తెర మీది మాటలన్నీ ఆ భాషలోకి మారతాయి. ఆ రాత్రి బేగంపేట ఆఫీసులో, లావుపాటి మానిటర్ వెలుగులో, ఆమె ఒక్కతే మిగిలింది.

"ఇంకా పోలేదా అమ్మా? జెర జల్ది కానియ్, తాళమెయ్యాలె," అన్నాడు గుమ్మంలోంచి వాచ్‌మన్ బ్రహ్మచారి.

"ఒక్కటి చూసి వస్తున్నా అన్నా."

జాబితాలో తెలుగు కింద ఒక ఖాళీ గడి ఉంది. ఆమె చేర్చింది కాదు. తుడిచేస్తే, నీళ్లలో నీడలా మళ్లీ తేలింది. ఏమవుతుందో చూద్దామని దాన్నే ఎంచుకుంది. తెర మీది మాటలన్నీ మంచులా విడిపోయాయి. బటన్లు మిగిలాయి గానీ వాటి మీద ఏమీ లేదు.

రాని భాషలో చిక్కుకుని బయటపడటం ఆ పనిలో ఉన్నవాళ్లకి అలవాటే. ఏది ఎక్కడుందో చేతికే తెలుసు. అలాగే తడుముకుంటూ నొక్కింది. తెలుగు తిరిగొచ్చింది. ఖాళీ గడి మాయమైంది. హమ్మయ్య అనుకుంది.

బ్రహ్మచారి మళ్లీ వచ్చాడు. పెదాలు కదిలాయి, మాట వినిపించలేదు. ఫ్యాను చప్పుడు వినిపిస్తూనే ఉంది. స్టేషన్ వైపు నుంచి రైలు కూత కూడా.

ఏమన్నావని అడిగింది. తన గొంతు తనకే వినపడలేదు.

అతనికి మాత్రం ఏదో వినిపించింది. ఆమెనే చూస్తూ మెల్లగా వెనక్కి జరిగాడు. చేతిలోంచి తాళాలగుత్తి జారి పడింది.

ఆ చప్పుడు ఆమెకు స్పష్టంగా వినిపించింది.