మల్లెనా, లిల్లీనా?

"నాకు ఏది నచ్చిందో నువ్వే చెప్పు. సరిగ్గ చెప్తే ఈడనే ఉంట. తప్పు చెప్పినవనుకో, రేపు పొద్దుగాల బస్సెక్కి కోరుట్ల పోత. వానలు పడ్డంకనే అస్త," అంది కల్యాణి.

సిరిసిల్ల సెంట్ల దుకాణంలో శ్రీశైలానికి ఫ్యాను కిందే చెమటలు పట్టాయి. పెళ్లయ్యాక ఇది తొలి ఎండాకాలం. పెళ్లాం పుట్టింటికి వెళ్లి కూర్చుంటే అతనికి అన్నం సయించదు. ఆ ముక్క ఆమెతో చెబుదామంటే మీసం అడ్డొస్తోంది.

కల్యాణి రెండు చేతులూ ముందుకు చాపింది. కుడి మణికట్టుకు మల్లె సెంటు, ఎడమ మణికట్టుకు లిల్లీ. రెండూ ఎండాకాలానికి తగ్గ తేలిక వాసనలే. శ్రీశైలం ఇది వాసన చూశాడు, అది చూశాడు, మళ్లీ ఇది చూశాడు.

"నా చెయ్యి అరుగుతది. జెల్ది చెప్పు."

"ఆగరాదే. ఎండలను జూసుకొని చెప్పాలె గదా."

"ఎండలను గాదు, నన్ను జూసి చెప్పు."

దిక్కుతోచక తలెత్తాడు. కల్యాణి వెనకాల, గుమ్మం దగ్గర స్టూలు మీద అతని తల్లి సరోజన కూర్చుని ఉంది. తల్లీకొడుకులు ఏళ్ల తరబడి ఒకే షెడ్డులో సాంచాలు నడిపినవాళ్లు. ఆ మరమగ్గాల మోతలో మాట వినపడదు. పెదాల కదలిక చూసే అన్నీ మాట్లాడుకుంటారు. కోరుట్ల పిల్లకు ఆ విద్య ఎక్కడిది? పెళ్లయ్యాకే కదా ఆమె సాంచా మొహం చూసింది!

ఏదో చెప్పమన్నట్టు శ్రీశైలం కళ్లెగరేశాడు. సరోజన గొంతు పెగల్చకుండా పెదాలు కదిపింది. మల్లె.

అతని ప్రాణం లేచొచ్చింది. "మల్లెదే!"

అప్పటిదాకా అతని భుజం మీదుగా గోడ అద్దంలోకే చూస్తున్న కల్యాణి కొంగు సర్దుకుంది. "అబ్బో! నా మనసుల దూరి సూసినట్టే చెప్పినవ్!"

"మరేమనుకున్నవ్? నా పెండ్లాం సంగతి నాకు తెల్వదా?" అంటూ శ్రీశైలం మీసం మీద చెయ్యి వేశాడు.

డబ్బులిచ్చి బయటికి రాగానే కల్యాణి సీసా తీసి అత్త చేతిలో పెట్టింది.

"తీస్కోండ్రి, అత్తమ్మా. ఇది మీకే."

"నాకెందుకే, బిడ్డా?" అంటూనే సరోజన మూత తీసి కొంగుకు రెండుసార్లు కొట్టుకుంది. "మొదటి సంది నాకు మల్లె అంటేనే పానం."

శ్రీశైలం నోరు తెరిచాడు. కల్యాణి అత్త వెనక్కి జరిగి, అతని కళ్లలోకి చూస్తూ, చప్పుడు లేకుండా పెదాలు మాత్రం కదిపింది.

"నాకు నచ్చింది లిల్లీ. ఊరికి పోబుద్ధిగాక నిన్ను గెలిపిచ్చిన."