డేరాలో వీరుడు

నాంపల్లిలో సభ జరిగే హాలు ఎదుటి ఇరానీ హోటల్లో మా ఆయన అలిగి కూర్చున్నాడు. హాలు గుమ్మానికి కట్టిన ఫ్లెక్సీలో వక్తల పేర్లు వేశారు. ఈయన పేరు అన్నిటికంటే కింద పడింది.

"గ్రీకు కావ్యాలల్ల వీరునికి పాణం కంటె పరువు ఎక్కువ," అన్నాడు. అబిడ్స్ కాలేజీలో ఏళ్ల తరబడి చెప్పిన పాఠం, రిటైరైనా ఆగలేదు. "పరువు తీస్తే యుద్ధమే బంద్ చేస్తడు. డేరాల కూసుంటడు. పెద్దపెద్దోళ్లొచ్చి బతిమాలినా లేవడు."

ఈ వీరుడి డేరాలో నెత్తిమీద ఫ్యాను, ముందు ఉస్మానియా బిస్కెట్లు.

సభ కార్యదర్శి రోడ్డు దాటి వచ్చి చేతులు జోడించాడు. "సార్, జర లోపటికి రాండ్రి సార్. అందరు మీ కోసమే చూస్తున్రు."

"ఫస్టు నా పేరు పైకి తెండ్రి. అప్పుడొస్త."

పాపం, అతను తల దించుకుని వెళ్లిపోయాడు. ఈయన బిస్కెట్ చాయ్‌లో ముంచాడు.

పూలదండ ఉన్న సంచి ఒళ్లో పెట్టుకుని అడిగాను. "మరి గా వీరుడు మళ్ల ఎప్పుడు లేచిండు?"

"పాణం లెక్క చూసుకునే దోస్తు సచ్చిపోయినంక," అన్నాడు, క్లాసులో చెప్పినట్టే, తడుముకోకుండా.

ఎదురుగా ఫ్లెక్సీలో, పేర్లన్నిటికీ పైన, బాల్‌రాజన్న ఫొటో నవ్వుతోంది. చిన్నప్పటినుంచీ ఈయనతో ఇదే బల్ల దగ్గర చాయ్ తాగిన మనిషి. పోయిన వారమే పోయాడు. ఇది ఆయన సంతాప సభ.

నేను దండ తీసుకుని లేచాను.

"మరి మిమ్ముల లేపనీకి బాల్‌రాజన్న ఇంకెన్నిసార్లు సావాలె?"