మొదటి విసురు

"ఆ సంచి ఇలా ఇవ్వండి" అంది మార్లా.

"ఇవ్వను" అన్నాడు డెకర్.

విల్లోకిల్ నదిలో మోకాలి లోతున నిలబడ్డ ట్రెంపర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆ గుడ్డసంచిలో ఉన్న వెదురు గాలపు కర్ర అతనిదే. రెండేళ్ళు ఎదురుచూసి చేయించుకున్నాడు. ట్రౌట్ చేపల వేట మొదలయ్యే రోజు కదా, పొద్దున్నే కొత్త కర్ర చేతికందుకుందామని వస్తే, చేసినవాళ్ళు ఒడ్డున నిలబడి కొట్టుకు చస్తున్నారు.

ఆ నది మీద ఒక ఆచారం ఉంది. కొత్త కర్రను నీళ్ళ దగ్గరే సంచిలోంచి తియ్యాలి. పిడికి కాస్త పైన సిరాతో రాసిన తయారుచేసినవారి పేరు, అది వారు చేసిన ఎన్నో కర్రో ఆ నంబరు, కొన్నవాడు పైకి చదవాలి. ఆ పేరు ఎవరిదో వాళ్ళే దానితో మొదటి విసురు విసరాలి. ఆ తర్వాతే అది కొన్నవాడి సొంతం. డెకర్ కొట్టులో పనిచేసే మార్లా ఆరేళ్ళుగా ప్రతి కర్రకూ ఆ మొదటి విసురు చూస్తూనే ఉంది. ఒడ్డున నిలబడి చూడటమే, విసిరేది మాత్రం డెకర్.

"వెదురు చీల్చింది ఎవరు?" అని అడిగింది.

"నువ్వే."

"ఆరు బద్దలూ చిత్రిక పట్టి, అతికించింది?"

"అదీ నువ్వే. పట్టుదారం చుట్టిందీ నువ్వే. పేరు రాసి, దాని మీద ఆఖరి పూత పూసింది నేను."

"సిగ్గు లేదూ చెప్పుకోవడానికి?"

"సిగ్గెందుకు? నా కొట్టు, నా సిరా."

డెకర్‌కు డెబ్బై ఎనిమిదేళ్ళు. చేతులు వణుకుతాయని చిత్రిక ముట్టుకుని మూడేళ్ళయింది. నోటికి మాత్రం ఏ వణుకూ రాలేదు.

"నువ్వు మొదటి ఏడాది చేసిన కర్రలు గుర్తున్నాయా?" అన్నాడు. "మా ఇంట్లో టమాటా మొక్కలకు ఊతం పెట్టాను. కాయలు పడేసరికి అవీ వంగిపోయాయి."

"అది మొదటి ఏడాది. మరి ఇప్పుడో?"

"ఇప్పుడు నోరు పెరిగింది."

ట్రెంపర్ గొంతు సవరించుకున్నాడు. "ఆ చెట్టు నీడన చేపలు నీటి పైకి లేస్తున్నాయండీ. రాత్రంతా కూర్చుని గాలానికి ఎరగా ఈకలతో ఉత్తుత్తి ఈగ కూడా కట్టి తెచ్చుకున్నాను. మీ గొడవ తర్వాత పెట్టుకుంటే..."

"మీరాగండి" అన్నారు ఇద్దరూ ఒకేసారి. పొద్దుటినుంచీ వాళ్ళిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

మార్లా ఒక అడుగు ముందుకు వేసింది. "నేను మిమ్మల్ని ఇంకేం అడగలేదు. ఒక్కటంటే ఒక్క కర్ర మీద నా పేరు. నాకు నలభై రెండేళ్ళు. ఊళ్ళో నన్నేమంటున్నారో తెలుసా? డెకర్ గారి పనిమనిషి అంటున్నారు. నా చేతిలోంచి వచ్చిన కర్రను గోడకు తగిలించుకుని, మీకు దండాలు పెడుతున్నారు. కడుపు మండిపోతోంది నాకు."

"ఊళ్ళో మాటలు నా దగ్గరికి మోసుకురాకు. పక్కకు జరుగు. ట్రెంపర్ గారూ, ఒడ్డుకు రండి. వచ్చి సంచి విప్పండి."

"విప్పి ఏం చదువుతాడు? డెకర్, నాలుగు వందల పన్నెండు. అంతేగా?"

"చదివినప్పుడు విను. నీకెప్పుడూ తొందరే. చిత్రిక పట్టేటప్పుడూ అంతే, జిగురు ఆరేటప్పుడూ అంతే."

"తొందరా? ఆరేళ్ళు ఆగినదాన్ని తొందరంటారా?"

చటుక్కున సంచి లాక్కుంది. ముసలాయన చేతుల్లో పట్టు లేదు. ట్రెంపర్ నీళ్ళలోంచి పరుగెత్తబోయి జారి, చెయ్యి ఆనించుకుని లేచాడు. అప్పటికే మార్లా సంచిని రెండు రాళ్ళ మధ్య అడ్డంగా పెట్టి, బూటుకాలితో తొక్కింది.

మొదటి తొక్కుకు కర్ర వంగింది గానీ విరగలేదు. అంత బాగా చేసింది మరి. రెండో తొక్కుకూ విరగలేదు. మూడోసారి ఎగిరి రెండు కాళ్ళతో పడితే, సంచిలో ఫెళ్ళుమంది. దాని మీదే ఇంకో రెండుసార్లు తొక్కింది.

"తీసుకోండి" అంది రొప్పుతూ. కళ్ళనిండా నీళ్ళు, వాటిని తుడుచుకోవడానికి కూడా కోపమే. "విసురుకోండి మీ మొదటి విసురు."

"నీకు పిచ్చి గానీ పట్టిందా?" అని అరిచాడు ట్రెంపర్. "రెండేళ్ళు! రెండేళ్ళు ఎదురుచూశాను!"

డెకర్ మెల్లగా ఒక రాయి చూసుకుని దాని మీద కూలబడ్డాడు.

"ట్రెంపర్ గారూ, సంచి విప్పండి" అన్నాడు.

"ఇంకేం విప్పను? పొయ్యిలోకి తప్ప పనికిరాదు."

"విప్పండి. నీళ్ళ దగ్గరికి వచ్చాక పేరు చదవాల్సిందే."

"మీ పేరు మీరే వినండి. నా చెవులు ఎప్పుడో నిండిపోయాయి" అని మార్లా వెనక్కి తిరిగింది. గట్టెక్కి రోడ్డు వైపు నడవసాగింది.

ట్రెంపర్ గొణుక్కుంటూ ముడి విప్పాడు. పుల్లలు పక్కన పెట్టి, పిడి ఉన్న ముక్క బయటికి తీశాడు. తడి వేలితో వార్నిష్ మీది దుమ్ము తుడిచాడు. చదవబోయి ఆగి, డెకర్ మొహంలోకి చూశాడు. డెకర్ కానివ్వమన్నట్టు తల ఊపాడు. అప్పుడు, నడిచిపోతున్న ఆమెకు కూడా వినబడేలా, గట్టిగా చదివాడు.

"మార్లా ఓస్ట్రాండర్. ఒకటో నంబరు."